బొగ్గుసీమ విద్యార్థి – ఓటు హక్కు

“ఓటు వేసినందువలన మాకు కలుగు ప్రయోజన మేమి?” అని కమాన్‌పూరు ప్రాంతపు విద్యార్థులు నేడు బాహాటముగా నడుగుచున్నారు. ఇది ధిక్కారముతో నడుగు ప్రశ్న యని కొందరు పెద్దలు కోపింతురు. సోమరితనముతో నడుగు ప్రశ్న యని మరికొందరు నవ్వుదురు. ఈ రెండును తగవు. ఈ సీమలోని అనేక కుటుంబములలో తాత పొలము దున్నినవాడు, తండ్రి బొగ్గుగనిలో దిగినవాడు. పొలము గనికి పోయినది. ఆ గనిలో కొడుకునకు చోటు లేకపోయినది. ఇట్టి స్థితిలో నున్న యువకుడు రాజ్యాంగము తన చేతికిచ్చిన సాధనమును త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది దేనికి పనికివచ్చును?” అని యడిగిన నడుగుగాక. న్యాయమైన ప్రశ్నకు న్యాయమైన సమాధానము చెప్పుట పెద్దల విధి.

ముందుగా ఆ యువకుడు నిలిచియున్న నేల యెట్టిదో చూతము. కమాన్‌పూరు 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలోను, అటుపిమ్మట పెద్దపల్లి జిల్లాలోను చేరిన మండలము. భూమి నుద్ధరించిన ఆదివరాహస్వామి ఆలయము ఇచట ప్రసిద్ధము. చెంతనే రామగిరి దుర్గమున్నది. ఉత్తరమున రామగుండము, గోదావరిఖని గనులు, ఆవల గోదావరి. రామగిరి మండలమున చేరిన సెంటినరీ కాలనీలో 2010 నుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. చదువునకు కరవు లేదు. చదువు ముగిసిన పిమ్మట నేమి యనునదియే కరవు.

సింగరేణి చరిత్ర నెరుగనిదే ఈ కరవు తెలియదు. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనబడినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ పుట్టినది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ యైనది. నేడు ఆ కంపెనీలో నూటికి 51 వాటాలు తెలంగాణ ప్రభుత్వమువి, 49 వాటాలు కేంద్రప్రభుత్వమువి. 1990 దశకపు తొలినాళ్లలో ఆ కంపెనీలో 1,16,000 మందికి దగ్గరగా కార్మికులుండిరి. వారు ఏటికి తీసిన బొగ్గు సుమారు 2 కోట్ల టన్నులు. నేడు కార్మికులు 40,000 మందికి అటునిటుగా నున్నారు. తీయు బొగ్గు ఏటికి సుమారు 7 కోట్ల టన్నులు. అనగా బొగ్గు మూడింతలు మించెను. చేతులు మూడవ వంతునకు దిగెను. తట్ట, చెమ్మసు పట్టిన కార్మికుని స్థానమున యంత్రము వచ్చినది. భూగర్భగనికి బదులు ఓపెన్‌కాస్టు గని వచ్చినది. కంపెనీ కార్మికునికి బదులు కంట్రాక్టు కూలి వచ్చినాడు. ఈ లెక్క ఒక్కటి చాలును. విద్యార్థి గుండెలోని దిగులు ఊహాజనితము కాదని తెలియుటకు.

ఒకప్పుడు గని కార్మికుని కొడుకునకు తండ్రి పని వచ్చునను ఆశ యుండెను. దానిని వారసత్వపు ఉద్యోగమనిరి. 1990 దశకాంతమున ఆ యాశకు గండి పడెను. తెలంగాణ మేర్పడిన తరువాత 2016లో దానిని పునరుద్ధరింతుమని ప్రకటించిరి. 2017లో హైకోర్టు ఆ పథకమును కొట్టివేసెను. ప్రభుత్వోద్యోగమునకు పుట్టుకను బట్టి హక్కు కలుగుట రాజ్యాంగముననుసరించి సమానావకాశ సూత్రమునకు విరుద్ధమని న్యాయస్థానముల తలపు. సుప్రీంకోర్టును దానిలో జోక్యము చేసికొనలేదు. పిమ్మట, అనారోగ్యముచే పనికి తగకపోయిన కార్మికుల బిడ్డలకు కారుణ్య నియామకములను పేరుతో ఒక దారి మిగిలినది. న్యాయవాదిగా నే నీ తీర్పును తప్పుపట్టజాలను. గనులకై భూములిచ్చిన పల్లెల బిడ్డల వేదనను కాదనజాలను. చట్టము సమానావకాశము కావలెనన్నప్పుడు, ఆ సమానావకాశమును నిజముగా కల్పించు భారము పాలకులపై పడవలెను గదా! పాతదారి మూసినవారు కొత్తదారి తీయవలెను. తీయించువా రెవ్వరు? ఇక్కడనే ఓటు ప్రసక్తి వచ్చుచున్నది.

“రాజకీయములతో మాకు పనిలేదు, మా చదువేమో, మా బ్రతుకేమో” అను విద్యార్థులు కలరు. వారు ఒక్క మారు రామగుండము వైపు చూడవలెను. అచట ఎరువుల కర్మాగారమున 1980లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. 1999లో దానిని మూసిరి. రెండు దశాబ్దములకు పైగా ఆ గొట్టముల నుండి పొగ రాలేదు. 2021లో రామగుండము ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అను కొత్త సంస్థ పేర మరల ఉత్పత్తి మొదలయ్యెను. గోదావరి నీరు ఎండినందున కర్మాగారము మూతపడలేదు. నేల సారము పెరిగి ఎరువు అక్కరలేకపోయినందున మూతపడలేదు. మూయుటయు, తెరచుటయు ప్రభుత్వముల నిర్ణయములు. అట్లే 2015లో పార్లమెంటు కొత్త గనుల చట్టములు చేసినది; బొగ్గు నిక్షేపములను వేలము వేయు పద్ధతి దానితో స్థిరపడినది. సింగరేణి ప్రాంతపు నాలుగు బ్లాకులను వేలము వేయబూనినందులకు కార్మికులు 2021 డిసెంబరు 9, 10, 11 తేదీలలో సమ్మె చేసిరి. ఆ వేలము మంచిదా చెడ్డదా యను చర్చ యటుండనిండు. దానిని నిర్ణయించినది ఎవ్వరు? ఓట్లు పొందినవారు. రాజకీయము నాకక్కరలేదని విద్యార్థి యనవచ్చును. రాజకీయము మాత్రము వానిని విడువదు. వాని బస్సు చార్జీ, ఫీజు బకాయి, ఉద్యోగ ప్రకటన, తండ్రి పింఛను, తల్లి వైద్యము – అన్నియు దాని చేతిలోనివే.

మరి విద్యార్థి యెన్నడును రాజకీయమునకు దూరముగా నుండలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతరము పాడినందులకు విద్యార్థులను వెడలగొట్టిరి. వారికి నాగపురము విశ్వవిద్యాలయము తలుపు తీసెను. ఆ ఉద్యమమున పాల్గొని బహిష్కృతుడై నాగపురమున చదువు సాగించిన యువకులలో పాములపర్తి వేంకట నరసింహారావుగా రొకరు. ఆయనయే 1957 నుండి 1977 వరకు మంథని నియోజకవర్గమునకు శాసనసభ్యుడుగా నుండెను. 1991లో భారత ప్రధానమంత్రి యయ్యెను. నేడు కమాన్‌పూరు ఆ మంథని నియోజకవర్గముననే యున్నది. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమమున హైదరాబాదు సిటీ కళాశాల చెంత విద్యార్థులపై తుపాకులు పేలెను. 1969లో తెలంగాణ రక్షణల కొరకు లేచిన యుద్యమము పాల్వంచ, ఖమ్మము విద్యార్థులతో నారంభమయ్యెను. 2009 చివర నుండి 2014 వరకు నడచిన మలివిడత పోరాటమునకు విశ్వవిద్యాలయములే వెన్నెముక. 2011 సెప్టెంబరు 13 నుండి 42 దినములు నడచిన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికుడు తట్ట దించెను, విద్యార్థి పుస్తకము మూసెను. తండ్రియు కొడుకును ఒకే శిబిరమున కూర్చుండిన దినములవి. ఆ యుద్యమమున స్వచ్ఛంద సేవకులుగా పల్లెపల్లె తిరిగినవారందరు దానికి సాక్షులే.

ఈ చరిత్రయే విద్యార్థి మనస్సున చేదు నింపిన దనుట సత్యము. నీళ్లు, నిధులు, నియామకములని మూడు మాటలు చెప్పి రాష్ట్రము సాధించితిమి. మూడవ మాట విద్యార్థి కొరకే. 2014 జూన్ 2న రాష్ట్ర మవతరించెను. మొదటి తరగతి ఉద్యోగములకు, అనగా గ్రూపు–1 పదవులు 503కు 2022లో ప్రకటన వెలువడెను. ఆ యేడు అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు వెలికిపొక్కినందున 2023 మార్చిలో దానిని రద్దుచేసిరి. 2023 జూన్ 11న మరల పరీక్ష పెట్టిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 పదవులకు కొత్త ప్రకటన వచ్చెను. పల్లె నుండి హైదరాబాదునకు పోయి, ఇరుకు గదిలో నలుగురితో కూడి, తల్లి పంపిన డబ్బుతో అన్నము తిని, ఒకే పరీక్ష ముమ్మారు వ్రాయవలసివచ్చిన యువకుని యోర్పును ఏ త్రాసున తూచగలము? వానిని “నీకు దేశభక్తి లేదు, ఓటు వేయుట లేదు” అని నిందించుటకు ముందు, వాని యేండ్లను తినివేసిన యంత్రాంగమును నిలదీయవలెను.

ఐనను, ఆ యంత్రాంగమును నిలదీయుట కెవ్వరికి హక్కు? నిలదీసిన నెవరికి భయము? ఇచట విద్యార్థుల ఆక్షేపములను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి యాక్షేపము: “పార్టీలన్నియు నొక్కటే, ఎవరికి వేసినను మాకు ఉద్యోగము రాదు.” ఓటు ఉద్యోగమునకు దరఖాస్తు కాదు. ఓటువేసిన మరునాడు ఉద్యోగపు ఉత్తరువు చేతికి రాదు. వచ్చునని చెప్పినవాడు వంచకుడు. ఓటు లెక్క యడుగు హక్కు. దుకాణదారు మోసగించినాడని పద్దు చూడక ఇంటికి పోయినచో లాభపడునది దుకాణదారే. ఎవ్వరును నచ్చనిచో నా సంగతియే చెప్పుటకు 2013 నుండి ‘నోటా’ మీట గలదు. అదియు చాలదన్నచో, తానే నిలుచుటకు దారి గలదు: గ్రామ పంచాయతికి 21 ఏండ్లు, శాసనసభకు 25 ఏండ్లు నిండిన చాలును. 2023 శాసనసభ ఎన్నికలలో కొల్లాపురమున బర్రెలక్క యను పేర ప్రసిద్ధి కెక్కిన శిరీష యను పట్టభద్రురాలు నిరుద్యోగుల గోడు చెప్పుటకు స్వతంత్రముగా నిలిచెను. ఆమె గెలువలేదు. కాని పెద్దపెద్ద సభలలో ఎవ్వరును పలుకని నిరుద్యోగి మాట ఆ పక్షము దినములు రాష్ట్రమంతట మారుమ్రోగెను. గెలుపు ఒక్కటే ఎన్నికల ఫలము కాదు.

రెండవ యాక్షేపము: “లక్షల ఓట్లలో నా యొక్క ఓటెంత?” దీనికి లెక్కయే సమాధానము. 2018లో మన పెద్దపల్లి పార్లమెంటు నియోజకవర్గమున చేరిన ధర్మపురి శాసనసభా స్థానమున గెలుపు 441 ఓట్లతో తేలెను. ఆ యెన్నికలలోనే ఆసిఫాబాదున 171 ఓట్లతో తేలెను. 2008లో రాజస్థానమున నాథద్వారమున ఒకే యొక ఓటు తక్కువై ముఖ్యమంత్రి పదవికి పేరు వినవచ్చిన నాయకుడు ఓడెను. ధర్మపురిలో 441 మంది యనగా నెంతమంది? ఒక మధ్యరకపు కళాశాల! ఒక కళాశాల విద్యార్థులు ఇంటనే కూర్చుండినచో ఒక శాసనసభ్యుడు మారిపోయెడు స్థితి యది.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణము విద్యార్థి యింటిలోనే కలదు. సింగరేణిలో గుర్తింపు సంఘమునకు 1998 నుండి రహస్య ఓటు పద్ధతిని ఎన్నికలు జరుగుచున్నవి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో నూటికి 94 మంది కార్మికులు ఓటు వేసిరి. గెలిచిన సంఘమునకు వచ్చిన ఆధిక్యము రెండు వేల ఓట్లకు లోపే. ఆ ఎన్నికకు ఒక నెల ముందు, నవంబరు 30న, శాసనసభకు ఎన్నికలు జరిగినపుడు హైదరాబాదు జిల్లాలో సగము మందియైనను ఓటు వేయలేదు. చదువుకొన్నవారు, జీతములవారు నివసించు మహానగరమున ఆ తీరు; బొగ్గు మసి నంటిన చేతులవారిలో ఈ తీరు. ఈ భేద మెక్కడిది? కార్మికునికి తన ఓటు ఏ పనికి వచ్చునో తెలియును. బోనసు, క్వార్టరు, బదిలీ, కారుణ్య నియామకము – వీనిని గూర్చి యాజమాన్యముతో కూర్చుండి మాటలాడువా డెవ్వడో ఆ ఓటు నిర్ణయించును. గెలిచినవాడు మరునాడు గని గేటు కడ కనబడును; చొక్కా పట్టుకొని యడుగవచ్చును. ఫలము కనబడిన చోట ఓటునకు విలువ కలుగును. కాబట్టి విద్యార్థుల నిరాసక్తతకు మందు ఉపన్యాసములలో లేదు. వారి ఓటునకు దగ్గరి ఫలము కల్పించుటలో నున్నది.

ఇందుకు ప్రథమముగా చేయవలసిన పని కళాశాలలలో విద్యార్థి సంఘముల ఎన్నికలను పునరుద్ధరించుట. ఉమ్మడి రాష్ట్రమున 1980 దశకాంతమున ఆ యెన్నికలు నిలిచిపోయెను. తెలంగాణ వచ్చిన తరువాత రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆ స్థితి మారలేదు. కేంద్ర విశ్వవిద్యాలయమగు హైదరాబాదు విశ్వవిద్యాలయమున మాత్రము అవి జరుగుచున్నవి. హింస, డబ్బు, కులము చొరబడుననుట పాలకుల సాకు. ఆ భయములకు విరుగుడుగానే సుప్రీంకోర్టు ఆదేశమున లింగ్డో కమిటీ 2006లో నియమములు కూర్చెను: వ్యయమునకు పరిమితి, వయసునకు పరిమితి, హాజరునకు నిబంధన, నేరచరిత గలవారికి నిషేధము. ఆ నియమములను సుప్రీంకోర్టు ఆమోదించెను. పదునెనిమిదేండ్ల పిల్లవాడు దేశప్రధానిని నిర్ణయించుటకు తగును. తన హాస్టలులో అన్నము ఉడికినదా లేదా యని యడుగు ప్రతినిధిని ఎన్నుకొనుటకు తగడట! ఈ తర్కమును ఏ న్యాయస్థానమున నిలుపగలరు? ఈదుట నేర్పక ఏటిలో త్రోసి, మునిగినపుడు “వీనికి ఈత రాదు” అనుట ఎంతటి న్యాయమో ఇదియు నంతటి న్యాయమే.

మూడవ యాక్షేపము డబ్బును గూర్చినది: “ఓట్లను కొనుచున్నారు, కొన్న ఓట్ల నడుమ మా ఓటేమి చేయును?” చట్టము స్పష్టము. ఓటునకు లంచ మిచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమును, నేటి భారతీయ న్యాయసంహితయు నిదే చెప్పుచున్నవి. కాని చట్టపు పుస్తకము గోడకు వ్రేలాడు తుపాకివంటిది, తీసి పట్టువాడుండవలెను. ఇచట విద్యార్థి యొక మాట యోచింపవలెను. ఓటునకు పుచ్చుకొన్న నోటు, అయిదేండ్లకు పంచిన దినమునకు ఒక రూపాయియో రెండు రూపాయలో తేలును. ఆ రూపాయికి తన ప్రశ్నించు హక్కు నమ్ముకొన్నవాడు, అయిదేండ్లు నోరు మూసికొనవలెను. “నీకు ముట్టినది గదా” యని నాయకు డనిన నేమని బదులు చెప్పును? ఇంటిలో పెద్దలు పుచ్చుకొన్నను పుచ్చుకొనని యొక విద్యార్థి యున్నచో, ఆ యింటి నుండి ప్రశ్నించుట కొక గొంతు మిగులును. బొగ్గుసీమలో అట్టి యిండ్లు పెరుగవలెను.

నాలుగవ యాక్షేపము వలసను గూర్చినది: “మేము ఈ యూరనే యుండబోము, ఇచటి ఓటు మాకేల?” ఇది చాల మందికి నిజమే. హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు దేశములు – కరీంనగరు సీమవాని త్రోవ లివి. ఐనను హాస్టలులో నుండి చదువు విద్యార్థి తాను చదువు చోటనో, స్వగ్రామముననో, రెంటిలో నొక చోట పేరు నమోదు చేసికొనవచ్చును. విదేశములకు పోయిన పౌరులకు 2010 చట్ట సవరణము ఓటరు పట్టికలో చోటిచ్చెను. కాని స్వయముగా వచ్చియే ఓటు వేయవలెను. ఎడారిలో కూలి చేయువాడు ఒక ఓటునకై విమానమెక్కి వచ్చుట జరుగునా? 2023 జనవరిలో ఎన్నికల సంఘమువారు దేశములోని వలసపౌరులకై దూరమునుండి ఓటువేయు యంత్రపు నమూనాను పార్టీల ముందుంచిరి. అది యాచరణలోనికి రాలేదు. వలస పోయినవారి ఓటు హక్కును కాగితముపై నుంచి చేతికి తెప్పించుట రాష్ట్రపు యువజనులు పట్టుబట్టి యడుగవలసిన కోరిక. తాను పోయినను తన తల్లిదండ్రులు ఇచటనే యుందురు. వారి వైద్యము, వారి నీరు, వారి గాలి ఇచటివే.

ఇక పదునెనిమిదేండ్ల సంగతి. 1951–52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలో ఓటునకు 21 ఏండ్లు నిండవలెను. రాజ్యాంగపు 61వ సవరణముచే 1989 మార్చి 28 నుండి అది 18కి దిగెను. గనుల సీమలో ఈ 18 అను సంఖ్యకు మరియొక యర్థము గలదు. 2013 నాటి భూసేకరణ చట్టము ననుసరించి యుక్తవయస్కుడైన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు వేరు కుటుంబముగా లెక్కకు వచ్చును. కావున ఓపెన్‌కాస్టు గనికై ఊరు ఖాళీ చేయవలసివచ్చినపుడు, ఏ తేదీ నాటికి ఎవరికి 18 నిండినవను దానిపై ఇంటింట తగవు నడచును. ఒక్క దినము తక్కువైన పునరావాసపు జాబితాలో పేరు పోవును. ఈ సీమవారు ఆ జాబితా తేదీని వ్రేళ్లపై లెక్కించి చెప్పగలరు; పుట్టిన తేదీ పత్రమునకై పాఠశాల చుట్టు పదిమార్లు తిరుగుదురు. మంచిదే, హక్కును కాపాడుకొనవలసినదే. కాని ఆ పునరావాసపు మొత్తమెంత యని నిర్ణయించు ప్రభుత్వము నెన్నుకొను జాబితాయందు తన పేరున్నదో లేదో చూచుకొనువారు ఎందరు? 2024 పార్లమెంటు ఎన్నికల నాటికి దేశమున ఓటర్లు సుమారు 97 కోట్లు. అందు తొలిమారు ఓటర్లు, 18–19 ఏండ్లవారు, 1.8 కోట్లు. ఆ వయసు వారిలో సగము మందియైనను పట్టికకు ఎక్కలేదు. ఒక జాబితాకై కొట్లాడి మరియొక జాబితాను మరచుట, కొమ్మను పట్టుకొని వేరును వదలుట.

పని కష్టము కాదు. 2022 నుండి ఏటికి నాలుగు తేదీలు – జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 – అర్హతకు ప్రమాణములైనవి. పదునేడేండ్లు నిండినవాడు ముందుగానే ఆరవ నమూనా పత్రము నింపి యుంచవచ్చును. ప్రతి కళాశాల అధ్యక్షుడు ప్రవేశ సమయముననే ఆ పత్రమును విద్యార్థి చేతి కిచ్చినచో, జనవరి 25న జాతీయ ఓటరు దినమని ప్రతిజ్ఞలు చేయించుటకంటె మేలగును.

అయిదేండ్ల కొకమారు మీట నొక్కుటతో పౌరధర్మము తీరునని మాత్ర మెవ్వరును భ్రమింపరాదు. తెలంగాణ గ్రామ పంచాయతుల గడువు 2024 ఫిబ్రవరి ఆరంభమున తీరెను. ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో జరిగెను. నడుమ రెండేండ్లకు దగ్గరగా పల్లెలను అధికారులే యేలిరి. ప్రజలు విసిగి యూరకుండిరా? ఎన్నికలు రాగానే నూటికి 80 మందికి మించి వచ్చి ఓటు వేసిరి. ఇపుడు ఎన్నికైన పంచాయతులున్నవి. గ్రామసభకు పోవలసినది విద్యార్థి. 2015 గనుల చట్ట సవరణముచే ప్రతి గనుల జిల్లాలోను జిల్లా ఖనిజ నిధి యేర్పడవలెను. పాత కౌలు గనులు తమ రాయల్టీలో నూటికి 30 వంతులకు సమమైన మొత్తమును దానికి చెల్లింపవలెను. త్రాగునీరు, వైద్యము, విద్య, వృత్తి శిక్షణ – వీనికి ఆ నిధిలో ప్రథమ ప్రాధాన్యము. మన జిల్లాలో ఆ సొమ్మెంత వచ్చినది, ఎచట వ్యయమైనది, గనుల ప్రక్క పల్లెకు ఎంత ముట్టినది, గని యంచుననే రోడ్డు లేని వాడకు ఎంత ముట్టినది – ఈ నాలుగు ప్రశ్నలు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఒక తెల్ల కాగితముపై వ్రాసి యడుగవచ్చును. కళాశాల విద్యార్థి చదువునకు ఇంతకంటె సార్థకమైన ప్రయోగశాల లేదు. పదిమంది విద్యార్థులు కూడి, వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించినచో, తదుపరి యెన్నికలలో అడుగవలసిన దేమో ఊరికి తానుగా తెలియును. ఓటు విత్తనమైనచో ఇది సేద్యము. సేద్యము లేని విత్తనము పిట్టల పాలు.

భవిష్యత్తు అనిశ్చితముగా నున్నదని విద్యార్థి భయపడుట సహజము. బొగ్గు తరుగును; తవ్విన బొగ్గు మరల మొలవదు. రేపు సూర్యరశ్మితో విద్యుత్తు చవుక కాగా బొగ్గునకు గిరాకి తగ్గవచ్చును. అపుడు గోదావరిఖనికి, సెంటినరీ కాలనీకి, కమాన్‌పూరునకు ఏమి మిగులును? తవ్వి విడిచిన గుంటలా, లేక ఆ గుంటలకు ముందుగానే యోచించి కట్టిన వేరు పరిశ్రమలా, చదువులా, పొలములా? ఈ నిర్ణయము పది పదునైదేండ్లలో ఎప్పుడో జరుగును. ఎవ్వరు లేని గదిలో జరుగునా, ఈ సీమ బిడ్డలు కూర్చుండిన గదిలో జరుగునా? ఇదియే అసలు ప్రశ్న. నేడు ఇరువది యేండ్లున్నవారికి ఆనాటికి ముప్పదియైదేండ్లు. ఆ నిర్ణయపు ఫలము ననుభవించువారు వారే. అందుచే దానిలో మాట యుండవలసినవారును వారే.

విద్యార్థులారా! ఓటు వేసినచో మీ కష్టములు తీరునని మే మనుట లేదు. వేయనిచో మీ కష్టములను గూర్చి యోచింపవలసిన యవసరము ఏ పాలకునకును ఉండదని మాత్రము చెప్పుచున్నాము. పట్టికలో పేరు చూచుకొనుడు. కళాశాలలో సంఘమునకు ఎన్నిక లడుగుడు. గ్రామసభలో నిలిచి లెక్క లడుగుడు. డబ్బునకు తల యూపకుడు. తండ్రి గనిలో దిగునపుడు దీపము, టోపి, మంచి చెడ్డలు చూచుకొని దిగినాడు గాని, చీకటి యని గేటు కడ నిలువలేదు. మీ ముందున్న చీకటియు అట్టిదే. దీపము తీసికొని లోనికి నడువుడు.